పాత టీబీ శానిటోరియం చరిత్ర సేకరణ: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని ఎక్కువగా మంగళగిరి పాత టీబీ శానిటోరియం (క్షయ రోగులను ఉంచి వైద్యం చేసే ఆసుపత్రి) చుట్టూనే సాగింది. ఆ స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. రోడ్డుకు మాత్రం శానిటోరియం పేరు నిలిచిపోయింది. గుంటూరు, విజయవాడ బడుల్లో చూపించేందుకు ప్రదర్శన పలకలు సిద్ధం చేశాం.

మొదటి పలక మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానిది. తెలుగునాట శానిటోరియం అంటే ముందు చెప్పుకోవలసింది దాన్నే. 1912లో స్థాపించిన ఆ సంస్థను తొలినాళ్లలో నడిపింది డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. మందులు లేని ఆ రోజుల్లో వరండాలో పడక, పాలు, గుడ్లు, పూటపూటా జ్వరం చూసి రాసుకోవడం, జ్వరం తగ్గాక కొలిచినట్టు నడిపించడం, ఇదే వైద్యం.

రెండో పలకకే ఎక్కువ సమయం పట్టింది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే రెండు పొరల నడుమకు సూదితో గాలి ఎక్కించి, ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసే పద్ధతి అది. జబ్బు తొలిచిన గుల్ల అలా మూసుకుంటుంది. గాలి వదిలేముందు నీటి మానోమీటరు (గాలి ఒత్తిడిని నీటి మట్టంతో చూపే పరికరం) చూడాలి. ఊపిరితో పాటు నీటి మట్టం ఊగితేనే సూది సరైన చోట ఉన్నట్టు. ఊగకపోతే గాలి వదలకూడదు, రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కించిన గాలి ఒంట్లో ఇంకిపోతుంది కనుక మళ్లీ మళ్లీ ఎక్కిస్తూ ఏళ్ల తరబడి కొనసాగించేవారు. పొరలు అతుక్కుపోయిన చోట ఊపిరితిత్తి ముడుచుకోదు, గుల్ల తెరుచుకునే ఉంటుంది.

కొండగాలికే క్షయ నయమయ్యేదని మొదట రాసిన పలకను తీసేశాం. శానిటోరియాల అవసరం తీరడానికి అసలు కారణం 1952 నుంచి వాడుకలోకి వచ్చిన ఐసోనియాజిడ్ వంటి మందులు, ఆపైన మద్రాసు అధ్యయనం. 1956లో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన ఆ అధ్యయనంలో, ఇంటి దగ్గరే ఏడాదిపాటు మందులు వాడినవారికీ శానిటోరియంలో ఉన్నవారికీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటనూ లేదు. పిల్లలకు ముందుగా తెలియవలసింది ఇదే అని మా అభిప్రాయం.

చివరి పలక ఈనాటి వైద్యానిది: రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. రెండో నెలకే దగ్గు తగ్గిందని మానేస్తే మిగిలిన క్రిములు తిరగబెడతాయి, మందులకు లొంగకుండానూ పోవచ్చు. మందులు వాడినన్నాళ్లూ ప్రభుత్వం పోషణకు నెలకు ₹1,000 ఇస్తుందనీ రాశాం.

సేకరించిన ఎక్స్‌రే ఫిల్ముల్లో కొన్నింటికి వెనిగర్ వాసన పట్టింది. ఫిల్ము పాడవుతోందనడానికి అదే గుర్తు. మన ఉక్కకు ఇంకా త్వరగా పాడవుతుంది. పాలిథీన్ కవరులో పెడితే ఆ వాసనకు కారణమైన ఆమ్లం లోపలే నిలిచి పక్క ఫిల్ముకూ పాకుతుంది. వాటిని వేరుచేసి, విడివిడిగా కాగితపు కవర్లలో ఉంచాం. స్కాన్ చేసేటప్పుడు రోగుల పేర్లు కప్పేస్తున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఇంట్లో పాత ఫిల్ములు, ఫొటోలు ఉన్న సభ్యులు అతుక్కున్నవాటిని విడదీయకుండా, తుడవకుండా, ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి.