కర్ఫ్యూ పట్టణంలో నీళ్లు వదిలే వేళ

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మునిసిపల్ కమిషనరుగా నువ్వు బాధ్యతలు తీసుకున్న పట్టణంలో ఉద్రిక్తత పెరుగుతోందని, 2013లో విజయనగరంలో మేము ఎలా నెగ్గుకొచ్చామో వివరంగా రాయమని అడిగావు. మంచినీటి విభాగంలో పనిచేసినవాడిని కనుక ఎక్కువగా నీళ్ల గురించే రాస్తాను. అలజడి రోజుల్లో పురపాలన అంటే ముందుగా నీళ్లేనని నా గట్టి నమ్మకం.

ఆ ఏడాది జులై 30న తెలంగాణ ఏర్పాటుకు అనుకూలంగా కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్రలో ఎన్జీవోలు, అంటే నాన్‌గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు, సమ్మెకు దిగారు. నేనూ సమైక్యాంధ్ర కోరుకున్నవాడినే, ఊరేగింపుల్లో నడిచినవాడినే. అయినా 2011లో తెలంగాణ ఉద్యోగులు 42 రోజులు సకల జనుల సమ్మె చేసినప్పుడు వాళ్ల ఆవేదన నాకు అర్థమైంది, ఆ గౌరవం ఈనాటికీ తగ్గలేదు. ఉద్యోగికి అభిప్రాయం ఉండకూడదని ఎవరైనా చెబితే నమ్మకు. అభిప్రాయం మనది, కుళాయి మాత్రం ఊరిది. అందుకే సమ్మెలో ఉన్నా మంచినీళ్లు ఆగకూడదని మా విభాగంలో మాట అనుకున్నాం.

అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం విభజనకు ఆమోదం తెలిపాక పరిస్థితి చేయిదాటింది. దాడులు, దహనాలు జరిగి విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు. అదే వారంలో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగడంతో జిల్లాలకు జిల్లాలే చీకటైపోయాయి. చంపావతి ఒడ్డున నెల్లిమర్ల దగ్గర మోటార్లు తిరగకపోతే పట్టణంలో ఓవర్‌హెడ్ ట్యాంకులు నిండవు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో తెలియదు. వచ్చిన కాసేపట్లోనే నీటిని ఎక్కించి, ఏ ట్యాంకు పరిధిలో ఎన్ని ఇళ్లకు సొంత బోర్లు లేవో చూసుకుని ముందు వాటికే వదలాలి. బోరు, మోటారు ఉన్న వీధులవాళ్లే ఎక్కువగా ఫోన్లు చేస్తారు, వీధి కుళాయిని నమ్ముకున్న పేటల నుంచి ఫోను రాదు. ఫోన్లను బట్టి నీళ్లు పంచితే అన్యాయం జరుగుతుంది.

ఇంకో సంగతి నువ్వు తప్పనిసరిగా గుర్తుంచుకోవాలి. కర్ఫ్యూ సడలింపు వేళలు నిర్ణయించేది కలెక్టరు, ఎస్పీ. ఆ వేళలు చెప్పగానే, జనం బయటే ఉంటారు కదా అని సరిగ్గా అప్పుడే నీళ్లు వదలాలనిపిస్తుంది. కానీ ఆ కాసేపట్లోనే బియ్యం, పాలు, మందులు తెచ్చుకోవాలి. ఇంట్లో ఒక్క మనిషే ఉన్న ఆడవాళ్లు దుకాణం వరసలో నిలబడాలా, బిందె వరసలోనా? అందుకే సడలింపు మొదలయ్యే ముందే నీళ్లు వదలాలని, గుమ్మం ముందు కుళాయి దగ్గరకు వచ్చినవాళ్లను ఆపవద్దని పోలీసు అధికారులతో ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి. ట్యాంకరు పంపేచోట బ్లీచింగ్ కలిపారో లేదో మనిషిని పెట్టి చూపించు. చివరి కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమాన్ని కర్ఫ్యూ రద్దు చేయదు. వాంతులు, విరేచనాలు మొదలైతే ఆస్పత్రికి వెళ్లే దారి కూడా మూసే ఉంటుంది.

కర్ఫ్యూలో తిరగడానికి ఇచ్చే పాసుల విషయంలో అధికారుల వాహనాలకన్నా ముందు వాల్వులు తిప్పేవాళ్లకు, పారిశుద్ధ్య కార్మికులకు ఇప్పించు. తెల్లవారుజామున చీపురుతో ఒంటరిగా వెళ్లే కాంట్రాక్టు కార్మికురాలి చేతిలో ఫొటో ఉన్న కాగితం లేకపోతే ఆమె ఎవరో చీకట్లో ఎవరికి తెలుస్తుంది? ఆమెకు దెబ్బ తగిలితే ఆ బాధ్యత నీదే అనుకుని పనిచెయ్యి. జనం గుమిగూడకుండా ఇచ్చే నిషేధాజ్ఞను అప్పట్లో 144 సెక్షన్ అనేవాళ్లం. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్ అయింది. ఉత్తర్వు ప్రతిని స్వయంగా చదువు. ఎవరికి మినహాయింపు ఉందో అందులోనే ఉంటుంది.

మా కష్టాలు అక్కడితో తీరలేదు. అక్టోబరు 10న విద్యుత్ ఉద్యోగులు సమ్మె విరమించారు, 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లాను బాగా దెబ్బతీసింది. ఎన్జీవోల సమ్మె 66 రోజుల తర్వాత 17న ఆగింది.

చివరగా జనన మరణాల రిజిస్టర్ల గురించి. కార్యాలయం మీదికి గుంపు వస్తే బీరువాలు, కంప్యూటర్లు అన్నీ కాపాడలేం. ముందుగా ఆ రిజిస్టర్లను వేరే భవనానికి చేర్చు. పింఛను, బీమా, వారసత్వం అన్నీ వాటిమీదే ఆధారపడి ఉంటాయి, వాటిని పోగొట్టుకునేది పేదవాళ్లే. మరణాన్ని 21 రోజుల్లో తెలపాలన్న గడువు కర్ఫ్యూలోనూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ వివరాలు ఇంటికి వెళ్లి రాసుకొచ్చే మనిషిని వార్డుకొకరిని నియమించు.

నీళ్ల వేళల పట్టిక తయారైతే పంపు. ట్యాంకుల సామర్థ్యం, మోటార్లు తిరిగే గంటలు కూడా రాస్తే కూర్చుని చూసి, నాకు తోచింది చెబుతాను.

మీ నాన్న