కరెంటు చార్జీల విచారణకు పంచాయతీలు కలిసి వెళ్లాలి

సంపాదక మహాశయా,

నేను పరకాల దగ్గర ఒక ఊళ్లో వార్డు సభ్యురాలిగా పనిచేశాను. పంచాయతీకి వచ్చే కరెంటు బిల్లు చూస్తే టెన్షన్ పట్టుకునేది. వీధి దీపాలు, మంచినీళ్ల మోటార్ల బిల్లులు ఎల్‌టీ-6 (తక్కువ వోల్టేజీ కనెక్షన్లలో వీటికని పెట్టిన రకం) కేటగిరీలో వస్తాయి. అవి కట్టాక మోరీల పనులకు మిగిలేది తక్కువే.

ఈ రేట్లు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, జనం చెప్పిన సలహాలు, అభ్యంతరాలు పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. కానీ ఒక్క ఊరి పంచాయతీ లెక్కలు తయారుచేసి మండలి విచారణలో వాదించగలదా? సర్పంచ్‌కు తీరిక ఉండదు, కార్యదర్శికి పని భారం. హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, పెద్దపల్లి జిల్లాల పంచాయతీలు, మున్సిపాలిటీలు ఒక్క అర్జీ తయారుచేసుకుని, బిల్లుల లెక్కలు తెలిసిన మనిషిని పెట్టుకుంటే మాటకు బరువు వస్తుంది. ఉత్తర జిల్లాలకు కరెంటు పంపిణీ చేసే సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది కదా, మాట్లాడటానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

ఇంకో మాట. కరెంటు వాడకంపై పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రానికిచ్చింది. రామగుండం, చెల్పూరు థర్మల్ కరెంటు ప్లాంట్ల బూడిద, లారీల దుమ్ము మాత్రం చుట్టూ ఉన్న ఊళ్లే భరిస్తున్నాయి. విద్యుత్ సుంకం అనే ఆ పన్నులో ఆ ఊళ్లకు వాటా ఇవ్వాలని ఈ జిల్లాల జెడ్పీలన్నీ ఒకే తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలి.

— ఒక మాజీ వార్డు సభ్యురాలు, హనుమకొండ జిల్లా