‘ప్రీ అప్రూవ్డ్’ అన్న మాటకు పూచీ ఎవరిది? – రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,

రాజమహేంద్రవరం నుంచి నమస్కరించి రాస్తున్నాను. కారు కొనే ముందే తనకు ఎంత అప్పు పుడుతుందో, ఏ వడ్డీకి పుడుతుందో తెలుసుకొని షోరూమ్ గడప తొక్కడం ఎవరికైనా మేలు. ముందుగా ఒక బ్యాంకు నుంచి ఖాయమైన మాట తెచ్చుకున్నవాడు బండి ధర దగ్గర నిలబడి బేరమాడగలడు, తన తాహతుకు మించిన మోడల్ జోలికి పోకుండా ఉండగలడు. కానీ మన బ్యాంకులు ఫోన్లకు పంపుతున్న ‘ప్రీ అప్రూవ్డ్’, అంటే ‘ముందే మంజూరైంది’ అన్న సందేశం అలాంటి ఖాయమైన మాట కాదని మా ఇంట్లో ఆలస్యంగా తెలిసింది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో, ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన కారును దసరాకు కొందామని మా తమ్ముడు నిశ్చయించుకున్నాడు. వాడి జీతం జమయ్యే బ్యాంకు నుంచి అప్పటికే ఒక సందేశం వచ్చి ఉంది. 8 లక్షల వరకు కారు రుణం ప్రీ అప్రూవ్ అయిందనీ, వడ్డీ 9 శాతం నుంచి మొదలనీ దాని సారాంశం. ‘వరకు’, ‘నుంచి’ అన్న రెండు చిన్న మాటల బరువు వాడికి తెలియలేదు, పక్కనే కూర్చుని చదివిన నాకూ తెలియలేదు. చేతిలో ఉన్న డబ్బు కలుపుకొని లెక్క వేసుకొని, 25 వేలు కట్టి బండి బుక్ చేశాడు. తీరా కాగితాలన్నీ ఇచ్చాక మంజూరైంది 6 లక్షలు, వడ్డీ 10.5 శాతం. వ్యక్తిగత రుణం వాయిదా ఒకటి నడుస్తోంది కాబట్టి తగ్గించామనీ, పైగా తాము ఎక్స్ షోరూమ్ ధర మీదే రుణం లెక్కగడతామనీ, లైఫ్ ట్యాక్సు, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనేవారే భరించుకోవాలనీ అప్పుడు చెప్పారు. ఆ వ్యక్తిగత రుణం ఇచ్చింది కూడా అదే బ్యాంకు. సందేశం పంపిన రోజున ఆ సంగతి వారికి తెలియనిది కాదు. బుకింగ్ రద్దు చేసుకుంటే కట్టిన సొమ్ములో కోత పడుతుందన్నారు. తక్కువ పడిన రెండు లక్షల కోసం మా అమ్మ తన గాజులు తాకట్టు పెట్టింది.

ఆదాయం, పాత బాకీలు పరిశీలించి రుణం తగ్గించే హక్కు, అసలు ఇవ్వకపోయే హక్కు కూడా బ్యాంకుకు ఉన్నాయి. అది డిపాజిటర్ల సొమ్ము, జాగ్రత్త పడవలసిందే. నా అభ్యంతరం ఆ జాగ్రత్త మీద కాదు, పరిశీలన పూర్తి కాకముందే ‘అప్రూవ్’ అన్న మాట వాడటం మీద. 6 లక్షలకు ఐదేళ్ల గడువులో 9 శాతానికీ 10.5 శాతానికీ మధ్య తేడా నెలకు సుమారు 440 రూపాయలు, మొత్తం మీద 26 వేలకు పైమాటే.

ఇక షోరూమ్‌లోని ఫైనాన్స్ బల్ల దగ్గర జరిగింది మరో రకం. అక్కడి అబ్బాయి “బ్యాంకు పదిన్నర అంటోంది కదండీ, మేము ఏడు శాతానికే ఇప్పిస్తాం” అన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. నెలవారీ వాయిదా ఎంతని అడిగితే 13,500 అన్నాడు. బ్యాంకు చెప్పిన పదిన్నర శాతానికి వాయిదా 12,900 లోపే. తక్కువ వడ్డీకి ఎక్కువ వాయిదా ఎలా వస్తుందని ఫోన్‌లో లెక్క వేసి చూస్తే, అది ఫ్లాట్ రేటని అర్థమైంది. అంటే నెలనెలా అసలు తీరుతున్నా, ఐదేళ్ల పాటూ మొత్తం 6 లక్షల మీదే వడ్డీ వేస్తారు. తగ్గే అసలు మీద లెక్కగడితే ఆ ఏడు శాతం దాదాపు పన్నెండున్నర అవుతుంది. ఈ లెక్క వేసి చూసే తీరిక, ధైర్యం ఆ బల్ల ముందు కూర్చున్న వారిలో ఎందరికి ఉంటాయి?

అదే సాయంత్రం తమ్ముడి ఫోన్‌కు వరసగా నాలుగు హెచ్చరికలు వచ్చాయి. తన క్రెడిట్ రిపోర్టును, అంటే అప్పుల చరిత్రను, నాలుగు సంస్థలు తెరిచి చూశాయన్నది వాటి సారం. రిపోర్టు తెరిచినప్పుడల్లా ఖాతాదారుకు తెలియజేయాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించబట్టే మాకు ఆ సంగతైనా తెలిసింది, అందుకు కృతజ్ఞతలు. బల్ల దగ్గర ఇచ్చిన ఒకే దరఖాస్తు నాలుగు చోట్లకు వెళ్లిందన్నమాట. అప్పు కోసం వేసిన ఇలాంటి ప్రతి విచారణా రిపోర్టులో నమోదై ఉంటుంది, తక్కువ వ్యవధిలో ఎక్కువగా కనిపిస్తే ఆ చరిత్రను బట్టి ఇచ్చే క్రెడిట్ స్కోరు మీద ప్రభావం పడుతుంది. అమెరికాలో విరివిగా వాడే ఫైకో స్కోరు పద్ధతిలో, కొద్ది వారాల వ్యవధిలో కారు రుణం కోసం జరిగిన విచారణలన్నిటినీ ఒక్కటిగానే లెక్కిస్తారు. నాలుగు చోట్ల రేటు కనుక్కున్నంత మాత్రాన మనిషి తప్పు చేసినట్టు కాదన్న న్యాయం అందులో ఉంది. మన నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఇదే పద్ధతి పాటిస్తామని రాతపూర్వకంగా ప్రకటించేలా చూడండి.

2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలన్నిటికీ ముఖ్యాంశాల పత్రం, అంటే కేఎఫ్‌ఎస్, తప్పనిసరి చేశారు. రుసుములన్నీ కలుపుకొని ఏడాదికి పడే అసలు భారం, వాయిదాల పట్టిక అందులో ఉండాలి. అందులో చూపని రుసుమును రుణగ్రహీత స్పష్టంగా ఒప్పుకోకుండా వసూలు చేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు ఇవ్వాలి. ఇంత మంచి పత్రం మా చేతికి ఎప్పుడు వచ్చిందో చెబుతాను. సంతకాల కట్టలో, మధ్యలో ఎక్కడో, పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉన్న పేజీల నడుమ వచ్చింది. మూడు రోజుల గడువు ఉందని ఎవరూ చెప్పలేదు. సహ రుణగ్రహీతగా సంతకం చేస్తున్న మా అమ్మ “ఇందులో ఏం రాశారు నాయనా?” అని అడిగితే, “ఏం లేదమ్మా, అన్నీ మామూలే” అని సమాధానం వచ్చింది. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలోనే ఆ పత్రం ఉండాలనీ, దాన్ని వివరించాలనీ మీ ఉత్తర్వే చెబుతోంది. ఇంగ్లిషు అక్షరాల కింద మా అమ్మ తెలుగులో సంతకం పెట్టింది.

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. కారు రుణం విషయంలో ‘ప్రీ అప్రూవ్డ్’ అన్న మాట వాడే బ్యాంకు, రుణ మొత్తాన్నీ, ఏడాది భారాన్నీ, ఏ ధరలో ఎంత శాతం ఇస్తుందో ఆ వివరాన్నీ రాసి, కనీసం నెల రోజులు కట్టుబడి ఉండే పత్రం ఇవ్వాలి. బండి చూసుకోవడానికీ బేరమాడటానికీ మూడు రోజులు చాలవు. ఖాతాదారు చెప్పిన ఆదాయం తప్పని తేలితే తప్ప ఆ మాట తప్పకూడదు. అంత పూచీ పడలేని బ్యాంకు ‘మీరు దరఖాస్తు చేసుకోవచ్చు’ అని మాత్రమే రాయాలి.

రెండోది షోరూమ్ బల్ల గురించి. పలు సంస్థల రుణాలు ఇప్పించే యాప్‌లు, దొరికే ప్రతిపాదనలన్నిటినీ ఏడాది భారంతో సహా, పక్షపాతం లేకుండా చూపాలని 2025 డిజిటల్ రుణాల ఆదేశాల్లో నిర్దేశించారు. షోరూమ్‌లో బల్ల వేసుకొని అదే పని చేసేవారికీ ఆ నియమం వర్తించాలి. ఫ్లాట్ రేటు నోటితో చెప్పడం కూడా నిషేధించాలి. ఏ రుణం ఇప్పిస్తే డీలరుకు ఎంత కమీషన్ ముడుతుందో కొనేవారికి తెలియాలి.

చివరిగా, తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి శాఖలోనూ కేఎఫ్‌ఎస్ తెలుగు ప్రతి అచ్చులో సిద్ధంగా ఉందో లేదో తనిఖీ చేయించండి. మా అమ్మ సంతకం చేసిన పత్రాన్ని మర్నాడు నేనే కూర్చుని తెలుగులో రాసి ఇచ్చాను. అరవై వాయిదాల పట్టికను ఆమె వేలు పెట్టి ఒక్కో వరుసే చదివింది.

భవదీయురాలు,
ఒక రుణగ్రహీత అక్క,
రాజమహేంద్రవరం