ఒక్క మీటింగుకే పారిపోతావేంట్రా

ఒరేయ్ మామా,

ఫోన్ చేస్తే జోకులేసి మాట దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మొన్న ఆదివారం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగుకి వెళ్లొచ్చావని చెల్లెమ్మ చెప్పింది. వచ్చి "ఆ భజన బ్యాచ్ మనకి పడదు" అన్నావట. నవ్వొచ్చింది. మూడేళ్ల కిందట నేనూ ఇంటికొచ్చి దాదాపు ఇదే మాటన్నాను.

నా మొదటి మీటింగు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదా. సికింద్రాబాద్‌లో ఒక చర్చి వెనక గది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పన్నెండు మెట్ల చార్టు (తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు అంచెలు), అందరూ ఇంగ్లీషు దంచేస్తున్నారు. నా వంతొచ్చింది. మందు పడితే తప్ప బయటికి రాని ఇంగ్లీషు, ఉత్త టీ తాగితే ఎక్కణ్ణుంచి వస్తుంది? పేరు చెప్పి "పాస్" అని కూర్చున్నాను. పైగా మాటకి ముందు గాడ్, మాటకి వెనక గాడ్. బయటికొచ్చి నేరుగా ఎక్కడికెళ్లానో నీకు వేరే చెప్పాలా!

రెండోది మా కాలనీకి దగ్గర. తలుపు తీయగానే ఎదురుగా నాకు రోజూ కనిపించే మనిషి. ఇద్దరం కొయ్యబారిపోయాం. ఆయనెవరో మాత్రం అడక్కు. అక్కడ చూసిన మనుషుల సంగతి బయట చెప్పకూడదు, అది అక్కడి పద్ధతి. ఆయన కూడా ఇవాళ్టి దాకా నా గురించి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. కానీ ఆరోజు పరువు పోయిందనుకుని మళ్లీ అటు తొంగిచూడలేదు.

మూడోది తెలుగులో జరిగేది, సాయంత్రం ఏడింటికి. ఆ ఏడు గంటలేరా అసలు కీలకం. ఆఫీసు అయ్యాక నా బండి దానంతటదే వైన్ షాపు వైపు తిరిగే టైము అది. నువ్వేమో ఆదివారం పొద్దున పదకొండింటికి వెళ్లావు. ఆ టైములో నీకు మందు గుర్తే రాదు! నీ గండం రాత్రి ఎనిమిదింటికి కదా, క్లయింటు కాల్ అయ్యాక. ఆ టైముకి జరిగేది వెతుక్కో. ఊళ్లో దొరక్కపోతే జూమ్‌లో జరిగేవీ ఉన్నాయి.

అక్కడ ఒకాయన చెప్పాడు, బియ్యం డ్రమ్ములో క్వార్టర్ దాచి, భార్య బియ్యం కొలిచే వేళకి వంటింట్లో కాపలా కాసేవాడట. (పేరు లేకుండా చెప్పమని ఆయనే అన్నాడులే.) నాది కూలర్. అందులో సీసా ఉందని, నడి ఎండాకాలంలో కూలర్ వేయనివ్వకుండా ఇంట్లో గొడవపడ్డాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆరోజు చెప్పేశాను. ఎవరూ సలహా ఇవ్వలేదు, మధ్యలో అడ్డు రాలేదు. ఇంకొకాయన తన సంగతి మొదలెట్టాడు, అంతే.

ఇదంతా ఎలా మొదలైందో తెలుసా? 1935 మే నెల. న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని మీద ఒహాయోలోని ఆక్రన్ వెళ్లాడు. పని చెడింది. హోటల్ లాబీలో నిలబడితే పక్కనే బారు. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఈ రాత్రి గడవదనుకుని, చర్చిల నంబర్లు చూసి ఫోన్లు చేశాడు. చివరికి దొరికింది డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పదిహేను నిమిషాలకి మించి కూర్చోనని వచ్చినవాడు ఆరు గంటలు కూర్చున్నాడు. బాబ్ చివరి డ్రింకు జూన్ 10న. దాన్నే ఏఏ పుట్టినరోజంటారు. బిల్ వెళ్లింది బాబ్‌ని బాగుచేయడానికి కాదు, తను తాగకుండా ఉండటానికి. ఈ ఉత్తరం వెనక నా స్వార్థం కూడా అదే అనుకో.

దేవుడి గొడవంటావా, చేరడానికి షరతు ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. ఆ మెట్లలో వచ్చే "మనకంటే పెద్ద శక్తి" అంటే ఆ గదిలో జనమే అనుకుని నేను సర్దుకున్నాను. అప్పటికీ పడకపోతే స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన ఇంకో సంఘం ఉంది, అందులో దేవుడి ప్రసక్తే లేదు, ఆన్‌లైన్లో చేరొచ్చు. నీకు లెక్కలు లేనిదే ఏదీ ఎక్కదు కాబట్టి ఇది కూడా: 2020లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చెప్పే సంస్థ) 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మనుషుల వివరాలు చూశారు. ఏఏకి పద్ధతిగా అలవాటు చేసే చికిత్స, పూర్తిగా మానేసి ఉండటంలో మిగతా థెరపీలకి తీసిపోలేదు, కొన్నిటికంటే మెరుగే.

ఒక్క విషయంలో మాత్రం జోకుల్లేవు. పొద్దున చేతులు వణుకుతున్నాయన్నావు. అలాంటప్పుడు మొండిగా ఒక్కసారే మానేయకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకొస్తుంది. ముందు డాక్టర్ దగ్గరికి పద. ఎవర్ని కలవాలో తెలియకపోతే 14446కి ఫోన్ చెయ్, గవర్నమెంటు హెల్ప్‌లైన్.

ఈ శుక్రవారం మాది ఓపెన్ మీటింగు, చెల్లెమ్మని కూడా తీసుకురావచ్చు. మామూలు రోజుల్లో క్లోజ్డ్, మనలాంటి వాళ్లకే. ఆరున్నరకి మెట్రో మెట్ల కింద ఉంటాను. నీకు మాట్లాడాలనిపించకపోతే "పాస్" అను చాలు. అయ్యాక బయట చాయ్ బండి దగ్గర అరగంట నిలబడతాం, నాకైతే సగం మీటింగు అక్కడే.

కూలర్ సంగతి మాత్రం మీ చెల్లెలికి ఇంకా తెలియదు. నోరు జారకు.

నీ పాత రూమ్మేట్