మెట్ల మీద చెప్పులు

సంపాదకుల వారికి,

డిసెంబరు 10న మానవ హక్కుల దినం అని మా మండలంలో ఒక సభ పెట్టారు. రిటైరైన టీచర్లం నలుగురం వెళ్లి వెనక వరసలో కూర్చున్నాం. ఒక వక్త కేరళకు చెందిన ఈచర వారియర్ గారి గురించి చెబుతూ, "కొడుకును పోగొట్టుకున్న దుఃఖాన్ని హక్కుల పోరాటంగా మలచుకున్న మహనీయుడు" అన్నారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. తీరా ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కొడుకు "పోయాడు" అన్నారు గానీ ఎలా పోయాడో, ఎవరి చేతుల్లో పోయాడో ఆ సభలో ఒక్కరూ చెప్పలేదు.

వారియర్ గారు కాలేజీలో హిందీ ప్రొఫెసర్. నేను హైస్కూల్లో హిందీ పండితుణ్ణి. ఆయన మీద నాకున్న మమకారానికి అదీ ఒక కారణం. ఆయన కొడుకు రాజన్ కాలికట్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో చివరి ఏడాది చదువుతున్నాడు. బాగా పాడేవాడట. యువజనోత్సవానికి వెళ్లి 1976 మార్చి 1 తెల్లవారుజామున మిగతా విద్యార్థులతో కలిసి బస్సులో కాలేజీకి తిరిగి వస్తే పోలీసులు పట్టుకుపోయారు. ఒక పోలీస్ స్టేషన్ మీద నక్సలైట్లు చేసిన దాడిలో అనుమానితుడన్నారు. కక్కయం క్యాంపులో పెట్టి థర్డ్ డిగ్రీ ప్రయోగించారు. కుర్రాణ్ణి తీసుకెళ్లారని తండ్రికి తెలిసింది కాలేజీ ప్రిన్సిపాల్ రాసిన ఉత్తరం వల్ల.

ఎమర్జెన్సీ రోజులవి. ఆ ఏప్రిల్లోనే సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ (పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు చూపించమని అడిగే పిటిషన్) తలుపు మూసేసింది. వారియర్ గారు మంత్రులకు, ఎంపీలకు, రాష్ట్రపతికి అర్జీలు పెట్టుకుంటూ ఏడాది తిరిగారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన వారం తిరక్కముందే, 1977 మార్చి 25న, కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం వాదించింది. కోర్టు నమ్మలేదు, మనిషిని తెచ్చి చూపించమంది. ఎమర్జెన్సీలో హోం మంత్రిగా ఉండి, అప్పటికి ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ నెల రోజులకే దిగిపోవాల్సి వచ్చింది. రాజన్ కస్టడీలోనే చనిపోయాడని ఆ తర్వాత ప్రభుత్వం ఒప్పుకుంది. శవం మాత్రం నేటికీ దొరకలేదు. భార్యకు నిజం చెప్పే ధైర్యం చేయలేకపోయారు వారియర్ గారు. 2006లో కన్నుమూసేదాకా ఆ కేసును జనం మరిచిపోకుండా చూశారు.

ఇంత పని ఒక తండ్రి ఎందుకు చేయాల్సి వచ్చింది? పదవీ విరమణ చేసి మనవలతో ఆడుకోవాల్సిన వయసులో ఒక హిందీ మాస్టారు వకీళ్ల చుట్టూ తిరిగితే గానీ రాజ్యం నోటి వెంట నిజం రాలేదంటే, మనం చప్పట్లు కొడుతున్నది దేనికి?

ఒడిశాలో నీలబతి బెహరా అనే తల్లిదీ ఇదే కథ. 1987 డిసెంబరు 1న 22 ఏళ్ల కొడుకును పోలీసులు ఇంటి నుంచి తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవం. ఆమె సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1993లో లక్షన్నర రూపాయల పరిహారం ఇప్పించారు. కస్టడీలో ప్రాణం పోతే రాజ్యమే బాధ్యత వహించాలని ఆ తీర్పు తేల్చింది. ఇవాళ లాయర్లు ఉదహరించే తీర్పుల్లో అదొకటి. అంటే మన చట్టంలో కొంత భాగం కన్నవాళ్ల కన్నీళ్లతో రాసిందే. రాసింది అమలు చేయడానికి కూడా మళ్లీ ఇంకో తల్లి రావాలా?

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా దగ్గర చదివిన కుర్రాణ్ణి బైక్ దొంగతనం అనుమానంతో తీసుకెళ్లారు. వాళ్లమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని నా దగ్గరికొస్తే కూడా వెళ్లాను. ఏ స్టేషనో చెప్పను. "అలాంటోడు ఇక్కడెవడూ లేడు మాస్టారూ, వెళ్లండి" అన్నారు. వెనక్కి తిరిగాం. ఆమె మెట్ల దగ్గర ఆగిపోయింది. కింది మెట్టు మీద నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎడమదానికి పిన్నీసు పెట్టి ఉంది. "ఆ పిన్నీసు నేనే పెట్టాను సార్" అంది. రెండో రోజు రాత్రి వదిలేశారు. ఏ రికార్డులోనూ వాడి పేరు లేదు. వాడు బతికి వచ్చాడు కాబట్టి నేను ఈ ఉత్తరం ఇంత తాపీగా రాయగలుగుతున్నాను.

ఇప్పుడు అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం వచ్చింది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. (హిందీ పండితుణ్ణి కాబట్టి నాకు నోరు తిరుగుతుంది, పాపం మిగతావాళ్ల సంగతి తెలీదు.) 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, ఏ నేరమో ప్రతి స్టేషన్లోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలనీ, ఆ రికార్డింగు కనీసం ఏడాది దాచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే చెప్పింది. మా స్టేషన్ గోడ మీద సైబర్ మోసాల పోస్టరుంది, హెల్మెట్ పోస్టరుంది. అరెస్టయినవాళ్ల పేర్ల బోర్డు మాత్రం నాకు కనపడలేదు.

విచారణ పేరుతో తెచ్చినవాళ్ల పేర్లు బోర్డు మీద ఎలాగూ రాయరు కదా అంటారని తెలుసు. రాయకపోయినా ఫరవాలేదు. బోర్డు ఖాళీగా ఉండి మెట్ల మీద చెప్పులుంటే, ఆ తల్లి రెంటినీ ఫోన్లో ఫొటో తీసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. ఆ రోజు మా చేతిలో అదే లేకపోయింది.

మీకు ప్రతి మండలంలోనూ విలేకరులున్నారు. ఒక్కరోజు వాళ్లను స్టేషన్లకు పంపి, ఆ బోర్డు ఎక్కడుందో, ఎక్కడ లేదో జిల్లాల వారీగా అచ్చు వేయండి. ఒక పేజీ చాలు.

ఇట్లు,
విశ్రాంత హిందీ పండితుడు,
కృష్ణా జిల్లా