ముందు పుంజుకు రాత్రి పెట్టె చేయించండి, ఫిర్యాదు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

ఔటర్ రింగు రోడ్డు దాటి శంకర్‌పల్లి, కీసర, ఇబ్రహీంపట్నం, షాద్‌నగర్ ఏ వైపు వెళ్లినా పాత ఊరి ఇళ్లను ఆనుకునే కొత్త వెంచర్లు లేచాయి. గోడకు ఇటు నాటుకోళ్లు, అటు నైట్ షిఫ్టు ముగించి అప్పుడే నడుం వాల్చిన ఐటీ ఉద్యోగి. నడుమ ఒక పుంజు. దాని కూత మీద తగువులు ఠాణా మెట్లెక్కుతున్నాయి గానీ, వాటిలో చాలావరకు రాత్రిపూట పుంజును ఉంచే ఒక ప్లైవుడ్ పెట్టెతో తీరేవే. పెరటి కోళ్లు పెంచేవాళ్లుగా తెలిసిన సంగతులు రాస్తున్నాం.

వెలుగు చూస్తేనే పుంజు కూస్తుందని, గూటి మీద నల్లటి టార్పాలిన్ కప్పితే నోరు మూస్తుందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు పుంజులను ఎడతెగని మసక వెలుతురులో ఉంచి చూసినా అవి రోజూ దాదాపు అదే వేళకు కూశాయని 2013లో ప్రకటించారు. కూత వేళ పుంజు ఒంట్లోనే ఉంది. తెల్లవారడానికి రెండు గంటల ముందే అది మొదలుపెడుతుంది. బయటి లైటు, పక్క పుంజు గొంతు దాన్ని మరింత ఎగదోస్తాయి, అంతే. కాబట్టి చీకటి వల్ల అర్ధరాత్రి కూతలు తగ్గుతాయి, తెల్లవారుజాము నాలుగు గంటలకు మొదలయ్యే కూత ఆగదు. దాన్ని ఆపేది పెట్టె ఎత్తు.

గట్టిగా కూయాలంటే పుంజు నిలబడి మెడను నిటారుగా సాచాలి. తలపైన జాగా లేకపోతే ఆ పని కుదరదు. పుంజు మామూలుగా నిలబడినప్పుడు నేల నుంచి తల ఎంత ఎత్తుందో కొలవండి. ఊక పరిచాక మిగిలే ఎత్తు దానికంటే ఒకటి, రెండు అంగుళాలే ఎక్కువ ఉండాలి. మామూలు నాటు పుంజుకు పెట్టె ఒకటిన్నర అడుగు ఎత్తుంటే సరిపోతుంది. అసీల్ జాతిది పొడుగు కాబట్టి దాని కొలత దానిదే. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు రెండడుగులు పెడితే తోక నలగదు, వెనక్కి తిరగడానికీ వీలవుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటి చాలు, ఇంకా ముక్క మిగులుతుంది. లోపల కోడి ఎక్కి కూర్చునే దండెం పెట్టకండి. అడుగున రెండంగుళాల వరి ఊక పోసి, తడిసిన చోట వెంటనే మార్చండి. తడి ఊక నుంచి లేచే అమ్మోనియా ఘాటు మూసిన పెట్టెలో పుంజు ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

గాలి విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. చిల్లులు పెడితే వెలుగొస్తుందని, శబ్దం బయటికి పోతుందని అన్నీ మూసేస్తారు, తెల్లారేసరికి పుంజు చచ్చిపడి ఉంటుంది. 75 మిల్లీమీటర్ల పీవీసీ ఎల్బోలు (వంపు తిరిగిన పైపు ముక్కలు) నాలుగు తీసుకోండి. ఒక పక్క కింది భాగంలో రెండు, ఎదుటి పక్క పైభాగంలో రెండు, నోళ్లు నేల వైపుకు ఉండేలా బిగించండి. చల్లగాలి కింది నుంచి వచ్చి, వేడిగాలి పైనుంచి పోతుంది, లైటు మాత్రం దూరదు. నోళ్లకు అరంగుళం ఇనుప జాలీ తప్పనిసరి, లేదంటే ఎలుకలు, పాములు దూరతాయి. ఆ నోళ్లు పొరుగువారి పడకగది వైపు ఉండకూడదు.

లోపల థర్మోకోల్ అతికించాలన్న ఆలోచన మానుకోండి. కోళ్లు దాన్ని గింజల్లా పొడుచుకుని తింటాయి. కోడిగుడ్ల అట్టలు గోడకు కొట్టడమూ వృథా. శబ్దాన్ని ఆపేది బరువు, అట్టకు బరువెక్కడిది? పెట్టెను ఇటుక గోడలున్న స్టోర్ రూములో పెట్టి తలుపు వేయడం వీటన్నిటికన్నా మేలు. రేకుల షెడ్డు మాత్రం వద్దు. శబ్దాన్నీ ఆపదు, పగటి ఎండకు కాగి రాత్రి కూడా ఉడికిస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కోళ్లకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకుంటాయి. రాత్రి పదికి ముందు పెట్టెలో పెట్టకండి, ఆరు గంటలకల్లా తీసి ముందు నీళ్లు పెట్టండి. ఎల్బో దగ్గర చిన్న 12 వోల్టుల ఫ్యాను బిగిస్తే మంచిది. ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా ఎత్తి పెట్టుకుని కనిపిస్తే ఆ రాత్రికి కూత సంగతి వదిలేసి బయట కట్టండి. పొరుగువాళ్లకూ అది అర్థమవుతుంది.

కొన్ని పుంజులు పెట్టెలోనూ మెడ అడ్డంగా చాపి కూస్తాయి. కానీ ఆ కూత పొట్టిగా, లోగొంతుకతో ఉంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే మెడపట్టీ గురించి కూడా అడుగుతుంటారు. వెల్క్రో పట్టీ మెడ అడుగున వేస్తే కూతకు కావాల్సినంత గాలి ఒక్కసారిగా పోదు. పని చేస్తుంది గానీ, మా దృష్టిలో ఇది చివరి ఉపాయం. పట్టీకీ మెడకీ మధ్య చిటికెన వేలు సులువుగా దూరాలి. వేసిన మొదటి రోజు పుంజు వెనక్కి వెనక్కి నడిచినా, తురాయి నీలంగా మారినా వెంటనే తీసేయండి. పొద్దున్నే మేత వేయకముందు మెడ కింద మేతసంచి తడిమి చూడండి. రాత్రంతా గడిచినా నిండుగా, గట్టిగా ఉందంటే మేత దిగడం లేదని అర్థం. ఎదిగే పుంజుకు అసలు వేయవద్దు, మెడ లావెక్కి పట్టీ బిగుసుకుంటుంది. దారం, రబ్బరు బ్యాండు కట్టడం చంపడంతో సమానం. అన్నట్టు, ఏ ఉపాయమూ చేయకుండానే పుంజు మూగబోతే సంబరపడకండి. కొక్కెర తెగులేమో (రాణిఖేత్ అనే కోళ్ల అంటురోగం) చూసుకోండి.

అసలు ఎన్ని పుంజులు కావాలి? గుడ్ల కోసమే అయితే ఒక్కటీ అక్కర్లేదు, పెట్టలు పుంజు లేకుండానే పెడతాయి. పిల్లలు తీయించాలంటే ఎనిమిది, పది పెట్టలకు ఒకటి చాలు. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను ఆడ, మగ వేరుచేయకుండా తెచ్చుకుంటే దాదాపు సగం పుంజులే అవుతాయి. అవి కూత నేర్వకముందే, నాలుగు నెలల లోపు అమ్మేయండి. బోనాల ముందు గిరాకీకి కొదవ లేదు. అయితే పెద్ద పుంజును అమ్మేస్తే గొడవ తీరుతుందనుకోకండి. మందలో పైచేయి ఉన్నదే ముందు కూస్తుంది, అది పోతే రెండోది ఆ స్థానం తీసుకుంటుంది. సంక్రాంతి కోసం ఒకదానికొకటి కనిపించేలా వరసగా కొయ్యలకు కట్టి పెంచేవాళ్ల సంగతి వేరు. అక్కడ కూతకు అంతుండదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కోళ్లకు పందెం పెట్టడమే నేరం కాబట్టి వాళ్ల తరఫున మేం మాట్లాడం.

కొత్తగా వచ్చినవాళ్లకూ ఒక మాట. కాంపౌండ్ గోడ మీద పొరుగు గూటి వైపు తిప్పి పెట్టిన ఫ్లడ్ లైటు, పిల్లి కదిలినా వెలిగే సెన్సార్ లైటు రాత్రి ఒంటిగంటకు పుంజును లేపుతాయి. ముందు వాటిని కిందికి వంచండి.

చట్టం మాటకొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. పుంజు కూత మీటరు దూరంలో వంద దాకా ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది గనుక పది మీటర్ల దగ్గరా ఎనభై ఉంటుందన్నమాట. గెలుపు ఖాయమనిపిస్తుంది గానీ ఆ పరిమితి సగటు శబ్దానిది. రెండు సెకన్ల కూతలను రాత్రంతటికీ పరిచి లెక్కేస్తే, కూతలు కొన్నే అయినప్పుడు మీటరు మీ పక్షాన నిలవకపోవచ్చు. అంతకన్నా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, ఇబ్బంది తొలగించమని ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవడం నయం. 2025లో కేరళలోని అడూర్ ఆర్డీవో ఇలాంటి ఫిర్యాదు మీదే విచారణ జరిపి, కోళ్ల షెడ్డును స్థలంలో మరో వైపుకు మార్చమని 14 రోజుల గడువిచ్చారు. కోళ్లను తీసేయమనలేదు. అర్జీలో కూత మొదలయ్యే వేళలు, గూటికీ మీ కిటికీకీ మధ్య దూరం, మీరు ముందుగా పొరుగువారిని అడిగిన తేదీ రాయండి. కోరికగా పుంజును తొలగించమని కాకుండా, గూడు జరపమనీ, రాత్రి పది నుంచి ఆరు దాకా మూసిన గదిలో ఉంచమనీ అడగండి.

ఇట్లు
కొందరు పెరటి కోళ్ల పెంపకందారులు,
శంకర్‌పల్లి దారి, హైదరాబాద్