ముందు ఆ హెడ్‌రెస్ట్ తిన్నగా తిప్పి పెట్టు

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్లో మాటల మధ్యలో "కారు సీటు హెడ్‌రెస్ట్ తలని ముందుకు నెడుతోందని పీకి, ముందు వైపు వెనక్కి తిప్పి పెట్టేశా, ప్రాణం హాయిగా ఉంది" అన్నావు చూడు, సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయి బతికిపోయావు గానీ లేకపోతే తిట్లు తినేవాడివి. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగే. నువ్వు ముందు కిందికి వెళ్లి దాన్ని మళ్లీ తిన్నగా పెట్టేసి రా, తర్వాత తీరిగ్గా చదువుకో.

నీ బాధ నాకు తెలియంది కాదు. ఈ కారు కొన్న కొత్తలో నాదీ అదే గోల. ఎవరో వెనక సీట్లో కూర్చుని నా తలని రెండు వేళ్లతో ముందుకు నెడుతున్నట్టు ఉండేది. గంట నడిపేసరికి మెడ కింద, భుజాల మధ్య కొయ్యబారిపోయేది. ఇది గట్టిగా ఉంది కాబట్టి ఇలా ఉంది, మెత్తటిది కొంటే సరిపోతుంది అనుకున్నా. అక్కడే పప్పులో కాలేశా.

గట్టిదా మెత్తనిదా అన్నది కాదురా అసలు సంగతి, ఎంత ముందుకు వాలి ఉంది అన్నది. పేరులో రెస్ట్ అని ఉంది గానీ దాన్ని పెట్టింది మనం తల వాల్చుకోవడానికి కాదు. వెనక నుంచి ఎవడైనా గుద్దితే సీటు మన ఒంటిని ముందుకు తోసేస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, దాంతో మెడ కొరడా ఝళిపించినట్టు వెనక్కి విరుచుకుంటుంది. అది జరక్కుండా తలని పట్టుకోవడానికి పెట్టారు. నువ్వు తిప్పి పెడితే అది తలకి దూరమైపోయి, పట్టుకోవాల్సినప్పుడు అందదు. అమెరికాలో 1969 జనవరి నుంచే కొత్త కార్ల ముందు సీట్లకి ఇది తప్పనిసరి. తర్వాత ఆ రూల్ ఇంకా బిగించి, ముందు సీట్లలో తలకీ దానికీ మధ్య సందు 55 మిల్లీమీటర్లు దాటకూడదన్నారు, 2009 నుంచి దాన్ని అమల్లోకి తెచ్చారు. ఆ సందు కొలిచేది మనిషి ఆకారంలో ఉండే కొలత బొమ్మతో. ఆ బొమ్మ కాస్త వెనక్కి వాలి కూర్చుంటుంది. నువ్వూ నేనూ పరీక్ష రాసేవాళ్లలా నిటారుగా కూర్చుంటాం. మరి తగలదా?

సాబ్ అనే స్వీడన్ కార్ల కంపెనీ వాళ్లు 1997లోనే దీనికి భలే దారి కనిపెట్టారు. మామూలుగా హెడ్‌రెస్ట్ తన మానాన తను ఉంటుంది, వెనక నుంచి గుద్దుకున్నప్పుడు మన వీపు సీటుని నొక్కే బలానికి అదే లేచి ముందుకొచ్చి తలని అందుకుంటుంది. అలాంటిది అన్ని కార్లలో పెడితే మనకీ తిప్పలు ఉండేవి కావు. ఎప్పుడూ ముందుకే వంచి ఉంచడం చవక కదా మరి.

సరే, నేను తగలేసిన డబ్బుల కథ విను. మొదట మెడ దిండు కొన్నా, హెడ్‌రెస్ట్‌ని సీటులోకి దింపే రెండు కడ్డీలకి బెల్టుతో కట్టుకునేది. మెడ వంపులో బాగానే కూర్చుంది గానీ దాని లావుకి తల ఇంకా ముందుకు పోయింది, పైగా మలుపు తిరిగినప్పుడల్లా అదీ ఓ పక్కకి జారిపోయేది. తర్వాత అటూ ఇటూ రెక్కలున్న హెడ్‌రెస్ట్ ఒకటి, అన్ని కార్లకీ సరిపోతుందని అమ్మినవాడు చెప్తే నమ్మి తెప్పించా. నా సీటు కడ్డీలు 12 మిల్లీమీటర్ల లావు, వచ్చినవి 10. లోపలికి దిగింది గానీ లాక్ పట్టలేదు, గతుకు వస్తే చాలు గలగలమని ఒకటే మోత. లాక్ పట్టని హెడ్‌రెస్ట్ ఉన్నా లేనట్టే అనుకో.

అప్పటికి గానీ బుద్ధి రాలేదు, కొలతలు తీశా. చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకుని ఇది జన్మలో ఎందుకు పనికొస్తుందిరా అని నవ్వుకున్నాం గుర్తుందా? ఇందుకు. నువ్వు కూడా కడ్డీ లావు, రెండు కడ్డీల మధ్య దూరం చూడు. దూరం అంటే ఒకదాని నడిమధ్య నుంచి రెండోదాని నడిమధ్యకి. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి ఒక కడ్డీ లావు తీసేస్తే అదే వస్తుంది. గాట్లు ఏ కడ్డీ మీద ఉన్నాయి, కడ్డీలు తిన్నగా ఉన్నాయా వంపు తిరిగాయా, అది కూడా రాసుకో. పీకేటప్పుడు బటన్ నొక్కినా రాకపోతే బలం చూపించకు, రెండో వైపు చిన్న రంధ్రం ఉండొచ్చు, అందులో సన్నటి పిన్ను గుచ్చాలి. లోపలి నుంచి వైరు ఏదైనా కనిపిస్తే మాత్రం చెయ్యి తీసేసి మెకానిక్‌కి చూపించు.

చివరికి నాకు పని చేసింది ఏంటో తెలుసా, నా కారు మోడల్‌లోనే ఖరీదైన పై వేరియంట్‌ది. దాని హెడ్‌రెస్ట్ పైకీ కిందికే కాదు, ముందుకీ వెనక్కీ కూడా వాలుతుంది. పాత కార్లు విప్పి అమ్మే చోట దొరికింది. యాక్సిడెంట్ అయిన కారుది కాదు కదా అని అడిగి, కడ్డీలు వంగలేదని చూసుకుని మరీ తీసుకున్నా. టక్కున లాక్ పడిన ఆ చప్పుడుకి ఎంత సంతోషం వేసిందో చెప్తే నవ్వుతావు. ఇప్పుడు తల వెనక మూడు వేళ్లు పట్టేంత సందు ఉంది, పై అంచు నా నడినెత్తితో సమానంగా ఉంది. నీదీ అలాగే ఉండాలి, మరీ తక్కువంటే చెవుల పైకి.

మా షెడ్డులో ఒకాయన కడ్డీలు వైస్‌లో బిగించి కాస్త వెనక్కి వంచేద్దాం అన్నాడు. వద్దన్నా. ఒకసారి వంచిన ఇనుముకి ముందున్న బలం ఉంటుందని నేను నమ్మను, నువ్వూ నమ్మకు.

అయితే ఏదైనా కొనే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్యి. సీటు వీపుని ఒకటి రెండు గాట్లు వెనక్కి వాల్చి, చేతులు చాచాల్సి రాకుండా సీటుని ముందుకు జరుపుకో. ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య 25 సెంటీమీటర్లు మాత్రం ఉంచు. హెడ్‌రెస్ట్‌కి తొడిగిన ఆ మందపాటి కవర్ కూడా తీసేసి చూడు, నాకైతే దాంతోనే సగం నొప్పి పోయింది. కవర్‌లో కుట్టిన స్పాంజి ఒక్కటే వేలెడు మందం ఉందిరా! ఇది ముందే చూసుకుని ఉంటే ఆ రెక్కల హెడ్‌రెస్ట్ డబ్బులైనా మిగిలేవి.

ఇన్ని చేసినా చెయ్యి తిమ్మిరెక్కుతుంటే అది కారు గొడవ కాదు, డాక్టర్ దగ్గరికి పో.

ఆదివారం కొలతలు తీసి ఫొటోలు పంపు, ఆ పాత కార్ల వాణ్ణి నేనే అడుగుతా. మెడ దిండు కావాలంటే ఊరికే ఇస్తా, ప్రస్తుతానికి నాన్న దాన్ని సోఫాలో నడుం కింద పెట్టుకుని టీవీ చూస్తున్నారు, అడిగి లాక్కోవాలి.

నీ
మామ